పెరటి బాతులు – చలికాలపు గుడ్లు
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



కిందటి వారం నాకొక ఉత్తరం వచ్చింది. ఉక్కునగరం క్వార్టర్సులో ఉండే ఒక చెల్లెలు రాసింది. "అక్కయ్యా! మా పెరట్లో నాలుగు బాతులున్నాయి. దసరా దాకా రోజుకి రెండో మూడో గుడ్లు తప్పకుండా ఉండేవి. కార్తీకం వచ్చినప్పటినుంచీ ఒక్కటంటే ఒక్కటి లేదు. మేత మాత్రం మామూలుగానే మింగుతున్నాయి. మా అత్తగారు 'గుడ్డు పెట్టని బాతుని మేపడం దండగ, కనుమనాటికి కోసేద్దాం' అంటున్నారు. మా పిల్లవాడేమో వాటికి పేర్లు కూడా పెట్టుకున్నాడు. ఏం చెయ్యమంటారు?" అని.

చెల్లెమ్మా! నీకు సమాధానం చెప్పేముందు నేను చేసిన పొరపాటొకటి చెప్పాలి.

మా ఇల్లు జాలరిపేటలో, సముద్రానికి నాలుగు వీధుల ఇవతల. కైకలూరులో ఉండే మా పిన్ని ఆరు బాతుపిల్లల్ని బుట్టలో పెట్టి పంపిస్తే పెంచడం మొదలుపెట్టాను. అవి గుడ్లకొచ్చిన ఏడే, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. విశాఖలో ఆ ఆదివారం ఎవరు మరిచిపోతారు? చెట్లు కూలాయి, రేకులు ఎగిరాయి, రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు. బాతుల్ని వంటింట్లో బుట్ట కింద మూసిపెట్టి బతికించుకున్నాం. బతికాయి గాని గుడ్లు మానేశాయి. అక్టోబరు పోయింది, నవంబరు పోయింది, డిసెంబరూ పోయింది. ఇక ఇవి గొడ్డుపోయాయనుకున్నాను. సంక్రాంతికి ఇంటికి చుట్టాలొస్తే ఒకదాన్ని కోయించాను.

కోసి శుభ్రం చేసింది మా వీధి పెద్దమ్మ. ఆవిడ అరవై ఏళ్ళుగా చేపల బుట్ట మోసిన మనిషి. బాతు కడుపులోంచి తీసినదాన్ని అరచేతిలో పెట్టుకుని నన్ను పిలిచింది. చూద్దును కదా, ద్రాక్షగుత్తిలాగ పచ్చసొనలు! ఒకటి నిమ్మకాయంత, ఒకటి ఉసిరికాయంత, తక్కినవి శనగగింజలంత. "చూసినావేటమ్మా? నాల్రోజులు ఆగితే గుడ్డెట్టేసును. తొందరపడిపోనావు" అంది. నాకు ఆ పండగ పూట అన్నం సయించలేదు. మిగిలిన ఐదూ ఆ వారంలోనే వరసగా గుడ్లకొచ్చాయి.

అందుచేత ఈ రోజు నేను చెప్పబోయేది ఒకే మాట. చలికాలంలో బాతు గుడ్డు మానేసిందంటే అది చెడిపోయినట్టు కాదు. దానికి వెలుగు చాలలేదు, లేదా తిండి చాలలేదు, లేదా అది ఈకలు మార్చుకుంటోంది. ఈ మూడింటిలో ఏదో కనిపెడితే సగం పని అయినట్టే.

చాలామంది చలివల్ల అనుకుంటారు. మన విశాఖలో చలి ఏపాటిది? పుష్యమాసంలో కూడా తెల్లవారుజామున పదిహేడు పద్ధెనిమిది డిగ్రీలు. ఒంటినిండా మెత్తటి నూగు, దానిమీద నూనె రాసుకున్న ఈకలు ఉన్న బాతుకి అదొక చలే కాదు. మా పిన్ని ఊరివైపు చూడండి. కొల్లేటి చుట్టుపక్కల బాతుల్ని మందలు మందలుగా తోలుకుపోయేవాళ్ళున్నారు. సార్వా కోతలయ్యాక సరిగ్గా ఈ చలిరోజుల్లోనే కోసిన చేలల్లో మేపుతారు. రాలిన గింజలు, నత్తలు, పురుగులు కడుపునిండా తిని ఆ బాతులు గుడ్లు పెడుతూనే ఉంటాయి. చలి అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. మరి తేడా ఏమిటి? ఆ బాతు తెల్లవారిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా ఆరుబయట ఉంటుంది, దొరికినంత తింటుంది. మన బాతు?

మన బాతు రోజు లెక్క కట్టి చూద్దాం. డిసెంబరు నెలాఖరులో మన ఊళ్ళో సూర్యుడు ఆరూ ఇరవై దాటాక ఉదయిస్తాడు, ఐదున్నర కాకుండానే అస్తమిస్తాడు. అంటే పగలు పదకొండు గంటలే. మనం కుక్కల భయంతో ఐదింటికే గూట్లోకి తోలేస్తాం. పొద్దున్న పిల్లల క్యారేజీలు, నీళ్ళ పంపు అయ్యాక ఎనిమిదింటికి తలుపు తీస్తాం. గూడేమో చెక్కపెట్టె, కన్నమైనా ఉండదు. దాని లెక్కకి పగలు తొమ్మిది గంటలు, రాత్రి పదిహేను గంటలు. గుడ్ల బాతుకి కావలసింది పద్నాలుగు నుంచి పదహారు గంటల వెలుగు. ఇంకెక్కడి గుడ్లు?

వెలుగుకీ గుడ్డుకీ ఏమిటి సంబంధం అంటారేమో. అడవిబాతులు పొద్దు పెరిగే రోజుల్లోనే గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి. మన పెంపుడు బాతులు చాలామటుకు వాటి సంతతే కాబట్టి ఆ గుణం రక్తంలో మిగిలింది. ఫ్రాన్సు దేశంలో జాక్ బెన్వా అనే శాస్త్రజ్ఞుడు 1930లలో బాతుల మీదే దీన్ని పరీక్షించాడు. వెలుగు బాతుకి కంటిద్వారానే కాదు, తలపుర్రెలోంచి కూడా మెదడుకి తగులుతుందనీ, ఆ తాకిడివల్ల సంతానానికి సంబంధించిన గ్రంథులు ఎదుగుతాయనీ తేల్చాడు. కళ్ళు కనిపించని బాతుకి కూడా వెలుగు పనిచేసిందట! పగలు పెరిగితే 'పిల్లల్ని చేసే కాలం వచ్చింది' అని మెదడు కబురు పంపుతుంది. పగలు తగ్గితే ఆ కబురు ఆగిపోతుంది.

ఇక మనం చెయ్యవలసింది చూద్దాం.

మొదట గూడు. ముందువైపు చెక్క తీసేసి జాలీ కొట్టించండి. పందికొక్కు, ముంగిస దూరకుండా కన్నాలు చిన్నవిగా ఉండాలి. బాతుకి మూడు నాలుగు చదరపు అడుగుల చోటు చాలు. కింద ఊకగాని రంపపు పొట్టుగాని మందంగా పరిచి, తడిసినచోట ఎప్పటికప్పుడు మార్చండి. బాతు చలికి జడవదు గాని తడి పరుపుకి మాత్రం తట్టుకోలేదు. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, అడుగున్నర పొడుగు ఉన్న పెట్టె ఒకటి మూలన పెడితే మూడు బాతులు దాంట్లోనే గుడ్లు పెడతాయి. తొమ్మిది గంటలలోపే దాదాపు అన్ని గుడ్లూ పెట్టేస్తాయి కాబట్టి అంతదాకా గూట్లోనే ఉంచండి. జాలీ ఉంటే లోపలున్నా వెలుగు అందుతుంది. ముందే వదిలేస్తే గుడ్డు గోరింట పొదలోనో కాలవ గట్టునో పెట్టి వస్తుంది, కాకులకి పండగ.

రెండోది దీపం. గూటి పైన, నీరు చిమ్మినా తగలనంత ఎత్తున అయిదు వాట్ల ఎల్ఇడి బల్బు చాలు. తీగ బాతుల నోటికి అందకూడదు. ఎకాయెకీ ఒకేరోజు పద్నాలుగు గంటలు చెయ్యవద్దు. మొదటి వారం ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా వెలుగుండేలా చూడండి. రెండోవారం ఐదుంబావు నుంచి ఆరున్నర దాకా. మూడోవారం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా. అక్కడికి పద్నాలుగు గంటలు అయింది. పగటివేళ బల్బు ఎలాగూ అక్కర్లేదు. పెంచే వెలుగులో ఎక్కువభాగం తెల్లవారుజామున పెంచడమే మేలు. సాయంత్రం ఠక్కున దీపం ఆర్పితే బాతులు చీకట్లో బెదిరి ఒకదానిమీద ఒకటి పడతాయి.

తెల్లవారుజామున నాలుగున్నరకి ఎవరు లేస్తారమ్మా అంటారేమో. ధనుర్మాసంలో మనం ముగ్గు పెట్టుకోవడానికి లేవమూ? మా పేటలో ఆ వేళకే పడవలు కడలి మీదకి బయలుదేరతాయి. ముగ్గు చిప్ప అందుకునే చేత్తోనే స్విచ్చి వేస్తే సరి. కరెంటు బిల్లు గురించి మావారు కూడా గొణిగారు. కాగితం మీద లెక్కకట్టి చూపించాను. అయిదు వాట్ల దీపం రోజుకి మూడు గంటలు వెలిగితే నెలకి అర యూనిట్టయినా కాదు. దాంతో ఆయన నోరు మూతపడింది.

కాని ఒక్క సంగతి. దీపం మొదలుపెట్టాక మాత్రం క్రమం తప్పకూడదు. రెండో ఏడు నేను బల్బు పెట్టి గుడ్లు బాగా తీస్తున్న రోజుల్లో పుట్టింటికి పదిరోజులు వెళ్ళాను. "బాతులకి దీపమేమిటి, మనకి లేక" అని ఇంట్లో ఎవరో స్విచ్చి వెయ్యడమే మానేశారు. నేను తిరిగొచ్చేసరికి పెరడంతా ఈకలు. అన్నీ ఒక్కసారి గుడ్లు మాని ఈకలు రాల్చాయి. మళ్ళీ దారికి రావడానికి రెండు నెలలు పట్టింది. ఎవరిని అనుకుని ఏం లాభం, చెప్పి వెళ్ళకపోవడం నాదే తప్పు. ఎండాకాలం వచ్చాక దీపం మానెయ్యాలనుకున్నా ఒక్కసారి మానవద్దు. పగలు బాగా పెరిగిన జ్యేష్ఠమాసం దాకా ఉంచి, వారానికి పావుగంట చొప్పున తగ్గించుకురండి.

మూడోది మేత. ఖాళీ కడుపుకి ఎంత వెలుగు చూపించినా గుడ్డు రాదు. గుడ్ల బాతుకి రోజుకి సుమారు నూట యాభై గ్రాముల మేత కావాలి. బయట తిరిగి నత్తలు, ఆకులు తినేదానికి కాస్త తగ్గించవచ్చు. వట్టి చద్దన్నం, తౌడు పెడితే కడుపు నిండుతుంది గాని గుడ్డుకి కావలసిన మాంసకృత్తులుండవు. నేను కలిపే లెక్క ఇది: అయిదు పాళ్ళు నూకలు, మూడు పాళ్ళు తౌడు, ఒకటిన్నర పాళ్ళు వేరుశనగ చెక్క, అరపాలు ఎండుచేపల పొడి. దీన్ని నీళ్ళతో ముద్దగా తడిపి పెట్టాలి. పొడిపిండి బాతు గొంతుకి అడ్డం పడుతుంది. తినగా మిగిలిన ముద్ద సాయంత్రానికి తీసి పారెయ్యండి, పులిస్తే ప్రమాదం.

వేరుశనగ చెక్క కొనేటప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. బూజు వాసన వస్తే ఎంత చవకైనా వద్దు. మొక్కజొన్నకీ ఇదే మాట. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. కోడి కొంత తట్టుకుంటుందేమోగాని బాతు తట్టుకోలేదు. కాలేయం పాడై, పైకి ఏ జబ్బూ కనిపించకుండానే పోతుంది.

ఎండుచేపల మాటకొస్తే, మా పేటవాళ్ళకి అవి కొదవలేదు. అందుకే ఈ జాగ్రత్త ముఖ్యంగా మాకే. ఉప్పు పట్టించిన చేప బాతుకి పెట్టకూడదు. ఉప్పు ఎక్కువైతే విపరీతంగా నీళ్ళు తాగి, పారుకుని, కాళ్ళు పడిపోతాయి. ఇసకలో ఉప్పులేకుండా ఎండబెట్టిన నెత్తళ్ళు అడిగి తెచ్చుకోండి. వాటినీ ఒకసారి నీళ్ళలో కడిగి, ఎండబెట్టి దంచండి. రొయ్యల తలకాయలూ అంతే. ఉచితంగా దొరికాయి కదా అని చేప ఎక్కువ పెట్టారో, గుడ్డు అట్టు వేసేటప్పుడు వీధంతా నీచు వాసన! మా అమ్మాయి ఒకనాడు పళ్ళెం ముందునుంచి లేచిపోయింది. అప్పటినుంచి అరపాలు దాటనివ్వను.

గుడ్డు పెంకుకి సున్నపు సత్తువ కావాలి. ఒడ్డున ఏరిన ఆల్చిప్పలు మంచినీళ్ళలో నానబెట్టి, ఉప్పు పోయేదాకా కడిగి, ఎండాక గోధుమగింజంత ముక్కలుగా దంచి వేరే చిప్పలో పెట్టండి. కావలసినంత అవే తింటాయి. దీనికి పైసా ఖర్చు లేదు. తోలుగుడ్లు పడుతున్నాయంటే మొదట ఈ చిప్ప ఖాళీ అయిందేమో చూడండి.

నీళ్ళు. బాతుకి చెరువు లేకపోయినా ఫరవాలేదు. తల కళ్ళదాకా మునిగేంత లోతున్న తొట్టి మాత్రం ఉండాలి. ముక్కు కన్నాలు, కళ్ళు కడుక్కోకపోతే కళ్ళు పుసికట్టుకుంటాయి. మేత పెట్టినచోట నీళ్ళు లేకుండా ఎప్పుడూ ఉంచవద్దు. నీళ్ళు లేకుండా మేత మింగలేవు. సముద్రం దగ్గరి ఇళ్ళలో నూతినీళ్ళు చప్పగా ఉన్నదీ ఉప్పగా ఉన్నదీ మనం రుచి చూసి మరీ పెట్టాలి. ఒక్కపూట నీళ్ళు లేకపోయినా గుడ్లు తగ్గుతాయి. అందుకే కొళాయి రాని రోజుకని నేనొక బిందె వాటికోసం విడిగా పట్టి ఉంచుతాను.

నాలుగోది ఈకల మార్పు. పెరట్లో ఈకలు కుప్పలుగా పడుతున్నాయా? బాతుని పట్టుకుని రెక్క విప్పి చూడండి. కొత్త ఈకలు ముళ్ళలాగ మొలుస్తుంటే అది విశ్రాంతిలో ఉందన్నమాట. అలాంటప్పుడు దీపం పెట్టి వేధించవద్దు. ఈకకీ గుడ్డుకీ కావలసిన సత్తువ ఒకటే. ఒళ్ళు ఈకకి ఖర్చుపెడుతుంటే గుడ్డుకెక్కడ మిగులుతుంది? మేత మాత్రం తగ్గించకుండా ఆరు నుంచి ఎనిమిది వారాలు వదిలెయ్యండి. ఈకలు నిండాక అప్పుడు దీపం మొదలుపెట్టండి. ఏడాదంతా మన ఇంటికి గుడ్లిచ్చిన ప్రాణి రెండు నెలలు కూర్చుని తింటే అదేమీ దండగ కాదు. బాలింతకి మనం పథ్యం పెట్టి కూర్చోబెట్టడం లేదూ? అలాగే అయిదు నెలలు నిండని పిల్ల బాతుకి కూడా ఈ దీపం పెట్టవద్దు. ఒళ్ళు గట్టిపడకుండా గుడ్డుకొస్తే అది దానికే ప్రాణాంతకం.

ఇవన్నీ చేసినా గుడ్డు రాకపోతే, అసలు మీ దగ్గరున్నది పెట్టేనా అని చూసుకోండి. నవ్వకండి! తోకమీద ఈక ముంగురులాగ పైకి మెలి తిరిగి, గొంతు బొంగురుగా ఉంటే అది మగది. బిగ్గరగా 'క్వాక్' మని అరిచేదే పెట్ట. గుడ్లు తినడానికి మగబాతు అక్కర్లేదు. పిల్లలు కావాలంటే ఆరేడు పెట్టలకి ఒక్కటి చాలు. జాతి కూడా చూసుకోవాలి. మన నాటుబాతు ఏడాదికి ఇంచుమించు వంద గుడ్లు పెడుతుంది. ఖాకీ క్యాంప్‌బెల్ అయితే మంచి పోషణలో మూడు వందల దాకా పెడుతుంది. ఆ జాతిని తయారుచేసింది ఎవరో తెలుసా? ఇంగ్లండులో ఒక పల్లెలో ఉండే అడీల్ క్యాంప్‌బెల్ అనే గృహిణి. 1900 ప్రాంతంలో ఇండియన్ రన్నర్ అనే గుడ్ల బాతుని వేరే జాతులతో కలిపి తన పెరట్లోనే సాధించింది. పెరటి పని తక్కువ పని కాదమ్మా!

జబ్బుల గురించి క్లుప్తంగా చెబుతాను. డక్ ప్లేగుకి రెండు మూడు నెలల వయసులో టీకా, ఆ తరువాత ఏడాదికోసారి తప్పదు. మీ దగ్గరి పశువుల ఆసుపత్రిలో అడగండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. బాతు ఒక్కొక్కసారి పైకి ఏ లక్షణమూ లేకుండానే ఆ జబ్బు మోస్తుంది. అందుచేత గూడు బాగుచేశాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లల్ని గూట్లోకి పోనివ్వకండి. ఒకేసారి రెండు మూడు చచ్చిపోతే ఒట్టి చేత్తో ముట్టుకోకుండా డాక్టరుకి కబురు చెయ్యండి. బాతుగుడ్డు ఎప్పుడూ సొన గట్టిపడేదాకా ఉడికించి తినాలి. పచ్చిసొన పాలల్లో కలిపి పిల్లలకి తాగించే అలవాటు మానుకోండి.

ఇక ఉత్తరం రాసిన చెల్లెలికి.

అమ్మా, నీ బాతులు కార్తీకంలో మానేశాయన్నావు. అంటే ఈకల మార్పు ఈపాటికి ముగింపుకి వచ్చి ఉంటుంది. ఈ సాయంత్రమే రెక్కలు విప్పి చూడు. ఈకలు నిండి ఉంటే రేపు జాలీ కొట్టించి, మొదటి వారం దీపం మొదలుపెట్టు. ముద్దలో చెక్క, నెత్తళ్ళపొడి చేర్చు. వెలుగు పెరిగిన మర్నాడే గుడ్డు రాదు, కొన్ని వారాలు పడుతుంది. నువ్వు దీపం తప్పకుండా వేస్తే కనుమనాటికి ఎలా ఉంటాయో తెలుసుకునే ఉపాయమొకటి మా పెద్దమ్మ నేర్పింది. బాతు తోక కింద రెండువైపులా రెండు సన్నని ఎముకల కొనలు చేతికి తగులుతాయి. ఆ రెంటిమధ్య మూడువేళ్ళు పడితే అది గుడ్లమీద ఉన్నట్టు. ఒక్క వేలే పడితే ఇంకా విశ్రాంతిలో ఉన్నట్టు. మీ అత్తగారి చేతే ఆ వేళ్ళు పెట్టించు. పెద్దవాళ్ళు మన మాట వినకపోయినా తమ వేళ్ళు చెప్పింది నమ్ముతారు.

నాలుగు ఏళ్ళు దాటి, రెండు చలికాలాలు వరసగా గుడ్డివ్వని ముసలి బాతుల మాట వేరు, అది మీ ఇంటి నిర్ణయం. కాని ఒక్క చలికాలం ఊరుకుందని కత్తి తీయవద్దని ఆవిడకి నా మాటగా చెప్పు. ఆ పచ్చసొనల గుత్తి నా కళ్ళలో ఇన్నేళ్ళయినా చెరగలేదు. అలాంటిది మీ ఇంట్లో, పేర్లు పెట్టుకున్న ఆ పిల్లవాడి ఎదుట ఎవరూ చూడకూడదని నా కోరిక.

కనుమకి మీ ఇంట్లో ఏం వండారో, గూట్లో ఏం దొరికిందో ఒక కార్డుముక్క రాయి. ఎదురుచూస్తూ ఉంటాను.